నోటీసుగారి చిలగడదుంపలు

ఆయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అరవడు, అలగడు, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడు, కూరలో ఉప్పు తగ్గితే నోరెత్తకుండా తనే లేచి వేసుకుంటాడు. ఇలాంటి మొగుడి మీద ఫిర్యాదు చేస్తే వినేవాళ్లు తననే తప్పు పడతారని ఆ ఇల్లాలికి తెలుసు. అందుకే ఏడాది పొడుగునా ఓర్చుకునేది. కానీ ఆకులు రాలే కాలం ఒకటి ఉందే, అప్పుడు మాత్రం ఆయన్ను ఎవరికైనా కొన్నాళ్లు అప్పగించి వస్తే బాగుండుననిపించేది. ఎందుకంటే ఆ రోజుల్లో ఆయన చిలగడదుంపల గురించి మాట్లాడతాడు.

వీధిలో మొదటి పండుటాకు రాలి పడటం ఆలస్యం, ఆయనకు చిన్నతనం గుర్తొచ్చేది. పెదనాన్న పిల్లలూ తనూ కలిసి పెరట్లో ఎండుటాకులు కుప్ప పోసి నిప్పంటించి, దుంపలు అందులో పడేసి, అవి కాలాక ఉత్త చేతులతో లాగి, అరచేతుల్లో ఎగరేసుకుంటూ తినేవారట. తొక్కకు బూడిద, చేతికి బూడిద, మూతికి బూడిద, లోపల మాత్రం తేనె. పెళ్లయిన కొత్తలో ఈ కథ విని ఆమె మురిసిపోయి, ఆ సాయంత్రమే దుంపలు ఉడకబెట్టి తొక్క తీసి పళ్లెంలో పెట్టింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని ఎంతో మర్యాదగా, "బాగానే ఉంది, కానీ ఇది ఉడకబెట్టిన దుంప" అన్నాడు. మరుసటి ఏడు గ్యాసు మంట మీద కాల్చింది. గ్యాసు వాసనేస్తోందన్నాడు. ఆ పై ఏడు ఓవెన్‌లో పెట్టింది. బిస్కెట్టులా ఉందన్నాడు. బొగ్గుల కుంపటి అరువు తెచ్చి కాల్చిన ఏడు, "ఆ, దగ్గరికొచ్చావు" అంటూనే పళ్లెం పక్కకు జరిపాడు. ఎండుటాకులు కావాలి. ఎండుటాకులు తప్ప ఇంకేవీ పనికిరావు.

ఇందులో చిక్కేమిటంటే, ఆయన ఉద్యోగం మంటలు రాకుండా చూసే ఆఫీసులో. మంటలార్పేవాళ్లు వేరు, వాళ్లు బండెక్కి గంట కొట్టుకుంటూ వెళ్తారు. వాళ్లకు పని లేకుండా చెయ్యడం ఈయన పని. ఎవరి మెట్ల కింద పాత పేపర్లు పేరుకున్నాయో, ఎవరి గుమ్మానికి బీరువా అడ్డంగా ఉందో కనిపెట్టి నోటీసు అంటించేవాడు. వీధివాళ్లంతా ఆయన్ను నోటీసుగారనేవారు, ఆయన ఎదురుగానే. ఇంట్లోనూ అదే జాగ్రత్త. పొయ్యి తను వెలిగించడు. కరెంటు పోతే కొవ్వొత్తి ఆమె వెలిగించి ఆయనకు రెండు మూరల దూరంలో పెట్టాలి. అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే చాలు, ఆయన కుర్చీ దానంతటదే కాస్త వెనక్కు జరిగేది. ఉద్యోగం ఒంటబట్టిందని ఆమె సరిపెట్టుకుంది.

ఈ ఏడాది ఆకులు ఎన్నడూ లేనంతగా రాలాయి. ఎక్కడ చూసినా కుప్పలు, కుప్పకో అగ్గిపుల్ల. ఆయన కొత్త నోటీసు తయారుచేశాడు. ఆయన రాసే వాక్యాలకు తల ఎక్కడో తోక ఎక్కడో తెలియదు కాబట్టి, ఎప్పటిలాగే చిత్తుప్రతి దిద్దింది ఆమే. వీధుల్లో గానీ, పెరళ్లలో గానీ, డాబాల మీద గానీ ఎండుటాకులు తగలబెట్టరాదు. తగలబెట్టినవారి గేటుకు ఈ కాలం గడిచేదాకా ఎర్రచీటీ ఉంటుంది. అది చదివి, "మరి ఇంటి లోపల?" అని అడిగింది. "ఇంట్లో ఎవరు తగలబెడతారు, మతిపోయినవాళ్లు తప్ప" అన్నాడాయన. ఆమె కలం మూసేసింది.

ఆ నోటీసు కింద ఆయన సంతకం, సంతకం కింద 'ఇన్‌చార్జ్' అన్న మాట. ఆ మాటే ఇప్పుడు ఆయనకు నిద్ర పట్టనివ్వడం లేదు. పాత అధికారి వెళ్లిపోయాక ఆ కుర్చీలో ఈయన్ను తాత్కాలికంగా కూర్చోబెట్టారు. రేపు పై ఆఫీసు పెద్ద మేడమ్ వచ్చి వీధులన్నీ తిరిగి చూసి, ఈ మనిషిని ఉంచాలా దించాలా తేలుస్తుంది. ఆవిడ ఒక ఊళ్లో ఎవరో సిగరెట్టు పీక ఆర్పకుండా పారేశారని అక్కడి అధికారినే మార్చేసిందని చెప్పుకుంటారు. ఆయన అన్నం సరిగ్గా తినడం మానేసి నాలుగు రోజులైంది.

ఆ ఉదయం ఆమె అత్తగారి కోసం దుంపలు ఉడకబెట్టింది. అత్తగారు చలి మొదలయ్యే వేళకు ఇక్కడికి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఉన్నితో ఏదో ఒకటి అల్లుతూ ఉండేది. పళ్లు కదులుతున్నాయి కాబట్టి మెత్తటివే ఆవిడకు నచ్చుతాయి. నోటీసుగారు బూట్లు వేసుకుంటూ పళ్లెం వంక చూశాడు. "ఉడకబెట్టిన దుంపను చూస్తే నాకు ఆసుపత్రి గుర్తొస్తుంది" అని నిట్టూర్చి, "చిన్నప్పుడు మేమైతేనా" అని మొదలుపెట్టాడు. అత్తగారు కళ్లజోడు పైనుంచి కొడుకును చూసింది. ఏదో అనబోయి, అల్లిక తప్పుతుందన్నట్టు తల దించుకుంది. ఆయన కథ ముగించి, సగం గ్లాసు కాఫీ వదిలేసి, ముఖం వేలాడేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వెళ్లడం చూసి ఆమెకు జాలేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది. ఈ రెండూ కలిస్తే మనిషి ఏం చేస్తుందో చెప్పలేం. మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి ఎండుటాకుల్లో కాల్చిన దుంపలు పళ్లెంలో ఉండాలి. రేపటి గండం ఎదుర్కోవడానికి మనిషికి కాస్త సత్తువ వస్తుంది, ఇకమీదట ఆ నోరూ మూతపడుతుంది. నోటీసు ఆమెకు కంఠతా వచ్చు. వీధి కాదు, పెరడు కాదు, డాబా కాదు. వంటింటి వెనక బట్టలుతికే గది ఉంది. దానికి పైకప్పు ఉంది. పైగా ఎప్పుడో నీళ్లు కాచుకున్న బాయిలర్ తాలూకు పొగగొట్టం గోడలో అలాగే ఉంది. బాయిలర్ పోయినా గొట్టం పోలేదు.

ఆ గదిలోనే చచ్చిపోయిన వాషింగ్ మిషనొకటి చాలాకాలంగా పడి ఉంది. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని ఆమె అన్నప్పుడల్లా, అందులో ఏదో ఒక భాగం ఎప్పటికైనా పనికొస్తుందని ఆయన అడ్డుపడేవాడు. ఆ ఎప్పటికైనా ఇవాళే వచ్చింది. లోపలి స్టీలు డ్రమ్ము ఊడదీసి గొట్టం కింద పెట్టింది. చుట్టూ చిల్లులు, గాలి ఆడుతుంది. ఆకులు గోనెసంచీ నిండా ఊడ్చుకొచ్చింది. మధ్యలో దుంపలు పేర్చి, పైన ఆకులు కప్పి, అగ్గిపుల్ల గీసింది.

పైపైన ఉన్న ఆకులు చిటపటమని మండాయి. అడుగువి మండలేదు. రాత్రి మంచుకు తడిసిన ఆకులు పైకి ఎండినట్టే కనిపిస్తాయన్న సంగతి, ఆకులు తగలబెట్టడం అలవాటున్నవాళ్లకు తెలుస్తుంది. ఆమెకు అలవాటు లేదు. కాసేపటికి మంట తగ్గి తెల్లటి పొగ లేచింది. దూదిలా దట్టంగా, బద్ధకంగా లేచి, కాసేపు అటూ ఇటూ చూసి, బుద్ధిగా గొట్టంలోకి దూరిపోయింది. ఆమె తృప్తిగా చేతులు దులుపుకుంది.

గొట్టం పైమూతిలో పక్షులు గూడు కట్టుకున్నాయని ఆమెకు తెలియదు. ఆ వరసలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, గొట్టం రెండిళ్లకూ ఉమ్మడి అని కూడా తెలియదు. తెలిసినావిడ వీధి తలుపు కొట్టింది.

వచ్చింది పక్కింటి కిటికీ పిన్నిగారు. ఆవిడ ఇంట్లో చాలా గదులున్నాయి గానీ ఆవిడ కాపురమంతా కిటికీ దగ్గరే. ఎవరింటికి ఏ కూర వచ్చిందో, ఎవరు ఎవరితో మాట మానేశారో ఆవిడకు తెలిశాకే ఆ ఇంటివాళ్లకు తెలిసేది.

"మా గోడలోంచి పొగొస్తోందమ్మాయ్," అంది పిన్నిగారు, చిలుక పంజరం చంకలో పెట్టుకుని. "చిలుక తుమ్ముతోంది."

ఇల్లాలు ఆవిడ భుజం మీదుగా బయటికి చూసింది. ఎదురుగా గేటు మీద నోటీసు గాలికి రెపరెపలాడుతోంది, దాని కింద మొగుడి సంతకం. నిజం చెబితే ఈవిడ గుమ్మం దిగేలోపు వీధి చివరిదాకా పాకుతుంది. నాలుక మీదికి ఏది వస్తే అది అనేసింది.

"చెదలండీ పిన్నిగారూ. గోడలో చెదలు. పొగమందు పెట్టించాం."

బాగానే అతికిందనుకుంది. గోడలో పొగ ఎందుకో చెప్పినట్టయింది. పిన్నిగారి ముఖం చూశాక గానీ, తాము ఆ గోడకు ఒక పక్కనే ఉన్నామన్న విషయం ఆమెకు తట్టలేదు. పిన్నిగారికి పెద్ద చెక్క బీరువా ఉంది. దాన్ని గోడకు ఆనించే పెట్టింది.

"అయితే మీవైపు పొగపెడితే అవి ఎటు పోతాయి?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా, పంజరంతో సహా మెట్లు దిగింది.

ఆమె లోపలికి పరుగెత్తుకొచ్చి డ్రమ్ము మీద తడి గోనెసంచీ కప్పింది. ఆర్పడానికి అది మంచి ఉపాయమనుకుంది. పొగ మాత్రం తనకు దుప్పటి కప్పినట్టు సంతోషించి, ఇంకాస్త చిక్కబడి, ఈసారి వంటింట్లోకి కూడా వచ్చింది. ముందుగదిలోంచి అత్తగారు నింపాదిగా పిలిచింది.

"ఏదో మాడుతోంది అమ్మాయ్."

"చెదల మందు అత్తయ్యా."

అత్తగారు ఒకసారి గాలి పీల్చి చూసింది. "ఈ కాలంలో చెదల మందుకి చిలగడదుంప వాసన కూడా కలుపుతున్నారా?" అని, మళ్లీ అల్లికలో పడింది.

అంతలో వీధి చివరి దర్జీ వచ్చాడు, మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో. ఆయన బట్టలు కత్తిరించే బల్ల ఇంటి గుమ్మం కన్నా వెడల్పు. ఆ బల్లను లోపల పెట్టి చుట్టూ ఇల్లు కట్టారని వీధిలో అనుకునేవారు. సూదులు చేతిలోకి తీసుకుని, చెదలు రోజుకు ఎంత దూరం నడుస్తాయని అడిగాడు. తనకు తెలియదంది. ఆ మందు పెట్టినవాణ్ణి ఒకసారి తమ ఇంటికీ పంపమన్నాడు. అతను వెళ్లిపోయాడంది. ఎటు వెళ్లాడన్నాడు. అలవాటుగా అబద్ధమాడేవాళ్లు ఇలాంటి ప్రశ్నలకు ముందే సిద్ధపడి ఉంటారు. ఆమెకు ఆ చదువు లేదు. బస్సెక్కి వెళ్లాడని చెప్పింది.

ఆమె మళ్లీ వెనక గదిలోకి వెళ్లి కిటికీలన్నీ తెరిచి, విసనకర్రతో పొగను బయటికి తోలి, అది తిరిగొచ్చాక మళ్లీ తోలింది. కళ్లు మండుతున్నాయి. జుట్టంతా మసి. ముందుగదిలోకి వచ్చి వీధిలోకి చూసింది.

వీధి నిండా సామాను. పిన్నిగారి బీరువా రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద చిలుక. దర్జీ తలుపు రెక్కలు ఊడదీసి మరీ బల్లను బయటికి లాగాడు. బల్ల పక్కన, సగం కుట్టిన కోటు తొడిగిన తలలేని బొమ్మ, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు రోడ్డు మధ్య నించుంది. మంచాలు, స్టూళ్లు, పుస్తకాల అలమరలు, ఒక ఉయ్యాల. ఎవరి ఇంట్లోంచి ఎవరు ఏం మోస్తున్నారో తెలియడం లేదు. వాటన్నిటి మీదా చెట్లు తీరిగ్గా పసుపుపచ్చటి ఆకులూ ఎర్రటి ఆకులూ రాలుస్తున్నాయి. చెక్క, గుడ్డ, ఎండుటాకు, మూసుకుపోయిన దారి. ఆమె మొగుడికి పీడకల వస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఆమె గేటు దగ్గరికి పరుగెత్తి, అన్నీ లోపల పెట్టేసుకోండి, మందు పనిచేసింది, చెదలు చచ్చాయి అని చెప్పింది. చచ్చినవి సరే, పారిపోయినవాటి సంగతేమిటన్నారు. అసలు చెదలు ఉన్నాయో లేదో తనకు అనుమానమేనంది. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నోటీసుగారి భార్య కాబట్టి పైకి చెప్పకూడదని ఆజ్ఞ వచ్చి ఉంటుందని దర్జీ పక్కవాడి చెవిలో అన్నాడు. అంటే పరిస్థితి అనుకున్నదానికన్నా విషమించిందన్నమాట. ఇంకా లోపల ఉన్న కుర్చీలు కూడా బయటికి వచ్చేశాయి.

అప్పుడు పిన్నిగారు దగ్గరికొచ్చి, గొప్ప ఉపకారం చేసినదానిలా భుజం తట్టింది.

"మందు పేరేమిటో కనుక్కుందామని మీ ఆయనకి ఫోన్ చేశానమ్మాయ్, చిలుక కోసం. పాపం, ఆయనకసలు తెలియనే తెలియదట."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. తర్వాత పక్కనుంచి ఎవరో ఆడమనిషి గొంతు, 'పదండి, నేనూ వస్తాను' అంది. ఎవరమ్మా ఆవిడ?"

ఎవరో ఆమెకు తెలుసు. రేపు రావలసిన పెద్ద మేడమ్ ఇవాళే వచ్చింది. చెప్పకుండా వచ్చి చూడటమే ఆవిడ పద్ధతి అయ్యుంటుంది. పైగా ఆమెకు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. వరస ఇళ్లలో పొగమందు పెట్టాలంటే ముందుగా అందరినీ ఖాళీ చేయించాలి. అందుకు అనుమతి ఇవ్వవలసింది ఆయన ఆఫీసే. ఆ నోటీసు కూడా దిద్దింది తనే. ఎండుటాకులకు ఎర్రచీటీతో పోతుంది. దీనికి అయితే కుర్చీయే పోతుంది. ఆమె నోటికొచ్చిన అబద్ధం, దాచాలనుకున్న తప్పుకన్నా పెద్దది.

జీపు వీధి మలుపులోకి వచ్చి, తలలేని బొమ్మ ముందు ఆగింది. అక్కడినుంచి ముందుకు దారి లేదు. పెద్ద మేడమ్ దిగింది. సన్నగా, పొట్టిగా, కళ్లజోడుతో, లెక్కల పంతులమ్మలా ఉంది. బీరువాను చూసింది, బల్లను చూసింది, వాటి మీది ఆకులను చూసింది. ఆవిడ వెనక నోటీసుగారు, చంకలో ఎర్రచీటీల కట్ట. భార్యవైపు చూడకుండా, ఆఫీసు గొంతుతో, పొగమందు పెట్టింది ఏ ఇంట్లో అని అడిగాడు. వీధిలో ఉన్న చేతులన్నీ ఆయన గేటు వైపే లేచాయి.

ఆయన గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. "మందు పెట్టినవాడి పేరేమిటమ్మా?" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన తనను 'అమ్మా' అని పిలవడం అదే మొదలు.

ఏదో ఒక పేరు చెప్పెయ్యవచ్చు. బస్సెక్కి వెళ్లాడని చెప్పవచ్చు. కానీ ఆయన ఆ పేరు రాసుకోవడానికి జేబులోంచి కలం తీశాడు. ఆ రాత కింద పడేది ఆయన సంతకమే.

"చెదల్లేవండీ," అంది. "మందూ లేదు, పెట్టినవాడూ లేడు. అన్నీ నేను కల్పించినవే. చిలగడదుంపలు కాలుస్తున్నాను. ఎండుటాకుల్లో."

దర్జీ తన బల్ల వంక చూసుకున్నాడు, తర్వాత ఇంటి గుమ్మం వంక చూసుకున్నాడు.

"ఎక్కడ?" అన్నాడు నోటీసుగారు.

"ఇంటి లోపల."

ఆయనకు తను అన్న మాట గుర్తొచ్చినట్టుంది. చంకలోంచి ఒక ఎర్రచీటీ లాగి, జిగురు రాసి, తన గేటుకు తనే అంటించాడు. వంకరగా అంటుకుంది. దాన్ని సరిచెయ్యాలని ఆమె చేతులు లాగాయి గానీ, సమయం కాదని ఊరుకుంది. పెద్ద మేడమ్ ఆ చీటీని కాసేపు చూసి, "నడవండి, చూద్దాం" అని తనే ముందు లోపలికి నడిచింది.

బట్టలుతికే గది గుమ్మంలో నోటీసుగారు ఆగిపోయాడు. డ్రమ్ములో ఇంకా ఎర్రగా నాలుగు నిప్పుకణికలు మెరుస్తున్నాయి, అంతే. ఇల్లాలు నీళ్ల బకెట్టు ఆయన చేతికిచ్చింది. ఆయన గుమ్మం దాటకుండా, చెయ్యి చాచినంత దూరం నుంచి నీళ్లు విసిరాడు. సగం గోడ మీద పడ్డాయి. మిగతా సగం పెద్ద మేడమ్ చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. ఆవిడే ఇంకో బకెట్టు తీసుకుని, దగ్గరికి వెళ్లి, కుమ్మరించి ఆర్పేసింది. ఇల్లాలు మొగుణ్ణి చూసింది. కొవ్వొత్తులు, అగ్గిపుల్లలు, వెనక్కు జరిగే కుర్చీ, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కానీ అది ఆలోచించే తీరిక లేదు.

పటకారుతో దుంపలు బయటికి తీశారు. నల్లగా, బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. పెద్ద మేడమ్ వాటిని తేరిపార చూసి, "ఇంత గొడవా వీటికోసమే కదా, రుచి చూడండి" అంది. వేళాకోళమో ఆజ్ఞో తెలియలేదు. నోటీసుగారు ఆజ్ఞే అనుకున్నాడు. దుంప విరిచాడు. పైన మాడు, లోపల పచ్చి. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్ల ఎదురుచూపు ఆ ముఖంలో ఒక్క క్షణం వెలిగింది. తర్వాత ఆరిపోయింది.

"ఇది కాదు," అన్నాడు, ఏడుపు గొంతుతో.

అప్పటిదాకా ఎవరూ అత్తగారిని పట్టించుకోలేదు. ఆవిడ చేతిలో అల్లిక పక్కన పెట్టి, పొద్దుటి పళ్లెం తీసుకుని, నెమ్మదిగా నడిచి వచ్చింది. అందులో ఆవిడ తినగా మిగిలిన ఉడకబెట్టిన దుంప ఒకటి, తొక్కతో ఉంది. వంగి, డ్రమ్ము అంచున తడవకుండా మిగిలిన బూడిద ఇంత తీసి, ఇస్త్రీ చేసినంత ఓపిగ్గా ఆ దుంప చుట్టూ పూసింది. విరిచి కొడుకు చేతిలో పెట్టింది.

"తిను నాన్నా."

ఆయన తిన్నాడు. నమలడం ఆగిపోయింది. చేతికి బూడిద, మూతికి బూడిద. కళ్లల్లో నీళ్లు, ఈసారి పొగవల్ల కాదు.

"ఇదే," అన్నాడు. "అమ్మా, ఇదే."

"ఎందుక్కాదు? నీకు ఎప్పుడూ పెట్టింది ఇదే." ఆవిడ కోడలివైపు తిరిగింది. "వాడికి మంటంటే హడలమ్మాయ్. మా బావగారి పిల్లలు ఆకులు ముట్టిస్తే వీడు వంటింటి తలుపు వెనక నిలబడి, సందులోంచి చూసేవాడు. వాళ్లు తింటుంటే వీడి మొహం చూళ్లేకపోయేదాన్ని. పొయ్యి మీద ఒకటి ఉడకబెట్టి, బూడిద రాసి, 'ఇదిగోరా నీ వంతు, మంటలోంచి తీశాను' అనేదాన్ని. ఉత్త చేతులతో లాగడం, ఎగరేసుకోవడం, అదంతా వాడు తలుపు సందులోంచి చూసిందే."

"మరి ఇన్నాళ్లూ ఒక్కమాట చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది ఇల్లాలు. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. కుంపటి, ఓవెన్, అరువు తెచ్చిన బొగ్గులు, ఏళ్లకు ఏళ్లు ఆ గొంతులో ఉన్నాయి.

"చెబుదామనే అనుకున్నానమ్మా. ఈలోగా వాడు వెళ్లి మంటల ఆఫీసులోనే చేరాడు. ఇంకేం చెప్పను?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని లేక కాదు, పెద్ద మేడమ్ ఉంది కాబట్టి. ఆవిడ కుచ్చిళ్లు పిండుకుంటూ, ఎదురుగా ఉన్న దుంపలో ఒక ముక్క తుంచుకుని, బూడిద ఊది తిన్నది.

"మంటకు భయపడనివాళ్లు ఈ ఉద్యోగానికి చాలామంది వచ్చారు," అంది చివరికి. "పని చెయ్యలేకపోయారు. తన గేటుకు తను చీటీ అంటించుకున్నవాణ్ణి నేను చూడలేదు. రేపటికల్లా నోటీసులో 'ఇంటి లోపల' అన్నది చేర్చండి. ఇన్‌చార్జ్ అన్న మాట తీసేసి సంతకం పెట్టండి." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ తిరిగింది. "సాయంత్రంలోగా ఆ దారి ఖాళీ చేయించండి. బొమ్మతో సహా."

బయటికి వచ్చాక ఇల్లాలు గేటు దగ్గర నిలబడి, వీధి వీధంతటికీ క్షమాపణ చెప్పుకుంది. తిడతారనుకుంది. దర్జీ మాత్రం, బల్ల జరపడం వల్ల ఎప్పుడో పోయిన కత్తెర దొరికిందనీ, ఇక తలుపు రెక్కలు బిగించడానికి నోటీసుగారు ఒక చెయ్యి వేస్తే చాలనీ అన్నాడు. ఇంతటి వార్త తన కిటికీలోంచి కాకుండా రోడ్డు మీద నిలబడి వినవలసి వచ్చినందుకు పిన్నిగారు కాస్త చిన్నబుచ్చుకున్నట్టుంది.

నోటీసుగారు చొక్కా చేతులు మడిచి పిన్నిగారి బీరువాకు ఒక కొస పట్టాడు. ఇంకో కొస ఇల్లాలు పట్టింది. ఆకుల మీద కాళ్లు జారుతున్నాయి. సగం దూరం మోశాక ఆయన బీరువా దించమన్నాడు. ఆయాసం తీర్చుకోవడానికనుకుంది. ఆయన చేతి బూడిద ప్యాంటుకు తుడుచుకుని, వంకరగా ఉన్న ఎర్రచీటీ వంక చూసి, వీధిలో అందరూ ఉండగానే, గొంతు సవరించుకుని అన్నాడు.

"పెళ్లయిన కొత్తలో నువ్వు పెట్టిన మొదటి దుంపే సరైంది. ఇన్నేళ్లూ నీ చేతికి వంకలు పెట్టాను. తప్పు నాదే."

ఆమెకు స్పష్టంగానే వినపడింది, అయినా చెవి మీదికి జారిన జుట్టు వెనక్కి తోసుకుని, "ఏమన్నారండీ?" అని అడిగింది.